కదిలే నేల - కదలని లెక్క

భూమ్యాకాశాలను సృష్టించి, వాటిని తన ఆజ్ఞతో నిలిపి ఉంచుతున్న అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై దరూద్, సలామ్‌లు పంపుతూ ఈ నాలుగు మాటలు మొదలుపెడుతున్నాం.

 

హైస్కూల్లో చదివే మన పిల్లలు ఖండాల గురించిన పాఠం చదువుకుని ఇంటికొచ్చి కొన్ని ప్రశ్నలు వేస్తుంటారు. "అబ్బా! మనం నిలబడ్డ ఈ నేల కదులుతోందట, నిజమేనా?" "ఇంకో 25 కోట్ల సంవత్సరాలకు ఖండాలన్నీ మళ్ళీ ఒక్కటైపోతాయట. అయితే అప్పటిదాకా ఖియామత్ రాదా?" "కాబా ఉన్న నేల కూడా కదులుతుందా? మరి మన ఖిబ్లా సంగతేమిటి?"

ఇలాంటి ప్రశ్నలు విని కొందరు తల్లిదండ్రులు విసుక్కుంటారు. మరికొందరు అలా అడగటమే పాపమన్నట్లు పిల్లల నోరు మూయిస్తారు. ఇది సరైన పద్ధతి కాదు. చనిపోయినవారిని ఎలా బ్రతికిస్తావో చూపించమని హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలామ్) తన ప్రభువునే అడిగారు. అనుమానంతో కాదు, మనసు నెమ్మది కోసం. అల్లాహ్ ఆయన్ని కసరలేదు, చూపించాడు. కనుక మనమూ పిల్లల ప్రశ్నలకు వరుసగా జవాబు చెప్పుకుందాం. చివర్లో పిల్లలు అడగని, పెద్దలమైన మనం మాత్రం తప్పక వేసుకోవలసిన మరో ప్రశ్న దగ్గరికి వద్దాం.

మన కాళ్ళ కింద ఏం జరుగుతోంది?

నేల కదులుతున్న మాట నిజమే. భూమి పైపొర ఒకే ముక్క కాదు. అది కొన్ని పెద్ద పలకలుగా, మరికొన్ని చిన్న పలకలుగా విడిపోయి ఉంది. లోపలి వేడి వల్ల అడుగున ఉన్న రాతిపొర అతి నెమ్మదిగా కదులుతుంటుంది. సముద్రాల మధ్యనున్న పగుళ్ళ దగ్గర కొత్త నేల పుడుతుంది. మరోచోట పాత సముద్రపు అడుగు నేల లోపలికి దిగిపోతుంది. ఇలా దిగిపోయే పలక తన వెనకనున్న భాగాన్ని కూడా లాక్కుపోతుంది. ఖండాలు ఈ పలకల మీద ఎక్కి ప్రయాణం చేస్తున్నాయి.

మన భారతదేశం ఉన్న పలక ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా జరుగుతోంది. మన చేతి గోళ్ళు పెరిగే వేగం కూడా ఇంచుమించు ఇంతే. శుక్రవారం నాడు స్నానం చేసి గోళ్ళు తీసుకుంటాం కదా, ఆ వారంలో గోరు ఎంత పెరిగిందో, మన ఇల్లూ పొలమూ మసీదూ దాదాపు అంతే దూరం జరిగాయన్నమాట. అరవై ఏళ్ళు బ్రతికిన మనిషిని ఈ నేల సుమారు 3 మీటర్లు మోసుకుపోతుంది. అంటే సమాధి పొడవుకన్నా కాస్త ఎక్కువ. దైవప్రవక్త (స) మక్కా నుండి మదీనాకు హిజ్రత్ చేసిన 622వ సంవత్సరం నుండి నేటి వరకు లెక్కవేసినా మన నేల జరిగింది 70 మీటర్లే.

ఈ సంగతిని 1912లో జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ అనే శాస్త్రవేత్త సభలో చెప్పినప్పుడు తోటి పండితుల్లో చాలామంది ఒప్పుకోలేదు. ఖండాలను ఏ శక్తి కదిలిస్తుందో ఆయన సరిగా చెప్పలేకపోయాడు. 1930లో ఆయన గ్రీన్‌లాండ్ మంచులో మరణించాడు. 1960లలో సముద్రగర్భాన్ని పరిశీలించిన తర్వాతగానీ లోకం ఆ మాటను అంగీకరించలేదు. నేడు ఉపగ్రహాల సాయంతో ఈ కదలికను మిల్లీమీటర్లలో కొలుస్తున్నారు. మన పూర్వీకులు స్థిరమనుకున్న నేల ఏనాడూ స్థిరంగా లేదు. వాళ్ళకు తెలియలేదు, అంతే.

ఒకప్పుడు ఖండాలన్నీ కలిసి పాంజియా అనే ఒకే మహాఖండంగా ఉండేవి. అది సుమారు 20 కోట్ల సంవత్సరాల క్రితం విడిపోవటం మొదలైంది. దాని దక్షిణ భాగం పేరు గోండ్వానా. ఈ పేరు మరెక్కడిదో కాదు, మన పొరుగున మధ్య భారతంలోని గోండుల సీమ నుండి వచ్చింది. మన తూర్పు కనుమల రాళ్ళకు జోడీ రాళ్ళు నేడు అంటార్కిటికాలో మంచు పక్కన ఉన్నాయి. అక్కడి నుండి విడివడిన మన నేల ఉత్తరానికి సాగి, సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం ఆసియాను ఢీకొంది. ఆ ఒత్తిడికి ముడతపడి లేచినవే హిమాలయాలు. 8848 మీటర్ల ఎత్తున్న ఎవరెస్టు శిఖరం మీది సున్నపురాయిలో సముద్రజీవుల అవశేషాలు దొరికాయి. సముద్రపు అడుగును శిఖరంగా మార్చిన ప్రభువు ఎంత శక్తిమంతుడు!

నాలుగు పటాలు

ఇక రాబోయే కాలం సంగతి చూద్దాం. ఖండాలు ఇలాగే సాగితే సుమారు 20 నుండి 25 కోట్ల సంవత్సరాలకు మళ్ళీ ఒక మహాఖండం ఏర్పడుతుందని శాస్త్రవేత్తలు అంచనా వేస్తున్నారు. అయితే అది ఎలా ఉంటుందన్న విషయంలో వారిలో ఏకాభిప్రాయం లేదు. నాలుగు రకాల పటాలు గీశారు.

మొదటిది, ఇప్పుడు వెడల్పవుతున్న అట్లాంటిక్ సముద్రం కొంతకాలానికి మూసుకోవటం మొదలై, అమెరికా ఖండాలు తిరిగి ఆఫ్రికాను చేరతాయన్న అంచనా. దీనికి పాంజియా అల్టిమా అని పేరు పెట్టారు. రెండవది, అట్లాంటిక్ వెడల్పవుతూనే ఉండి, అటువైపు పసిఫిక్ మూసుకుపోతుందన్న అంచనా. ఇది నోవోపాంజియా. మూడవది, అంటార్కిటికా తప్ప తక్కినవన్నీ ఉత్తర ధ్రువం చుట్టూ చేరతాయన్నది. ఇది అమేసియా. నాలుగవది, అట్లాంటిక్, పసిఫిక్ రెండూ మూసుకుపోయి, ఖండాలన్నీ భూమధ్యరేఖ దగ్గర గుమిగూడతాయన్నది. ఇది ఆరికా.

నాలుగు పటాలు ఎందుకు వచ్చాయి? సముద్రపు అడుగు కొత్తగా ఎక్కడ, ఎప్పుడు లోపలికి దిగటం మొదలుపెడుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోవటమే కారణం. దాన్నిబట్టే ఏ సముద్రం మూసుకుంటుందన్నది తేలుతుంది.

బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన ఒక పరిశోధన మరో సంగతి చెప్పింది. పాంజియా అల్టిమా ఏర్పడే నాటికి సూర్యుడి వెలుగు ఇప్పటికన్నా సుమారు 2.5 శాతం పెరుగుతుంది. అగ్నిపర్వతాల నుండి వచ్చే బొగ్గుపులుసు వాయువు వేడిని ఇంకా పెంచుతుంది. సముద్రపు గాలి సోకని లోతట్టు నేల విస్తారంగా ఉంటుంది. చాలాచోట్ల వేడి 40, 50 డిగ్రీలకు చేరి, పాలిచ్చి పెంచే జంతుజాతి బ్రతకగలిగే నేల 8 నుండి 16 శాతం మాత్రమే మిగులుతుందని వారి అంచనా. మనిషీ ఆ జాతివాడే కదా!

ప్రళయం అప్పటిదాకా రాదా?

ఇక్కడే పిల్లవాడి రెండో ప్రశ్న. అతడి మనసులో మెల్లగా ఒక ధీమా చేరుతుంది: "ఇంకా 25 కోట్ల ఏళ్ళున్నాయి, తొందరేముంది?" ఈ ధీమా పిల్లలకే కాదు, ఏ శాస్త్రం చదవని పెద్దలకూ ఉంటుంది.

శాస్త్రవేత్తల మాటను శ్రద్ధగా వినండి. "ఇలాగే సాగితే" అని వారు అంటున్నారు. అది షరతుతో కూడిన మాట. బస్సు ఇదే వేగంతో వెళితే సాయంత్రానికి కర్నూలు చేరుతుందని చెప్పినట్లు. బస్సు యజమాని దాన్ని మధ్యలో ఆపడని వారు హామీ ఇవ్వలేదు, ఇవ్వలేరు కూడా. రేపు ఫలానా పని చేస్తానని చెప్పేటప్పుడు అల్లాహ్ తలచుకుంటేనన్న మాట చేర్చమని కహఫ్ సూరాలో మనకు బోధించబడింది. రేపటి పనికే ఈ షరతు ఉంటే, 25 కోట్ల సంవత్సరాల తర్వాతి పటానికి ఉండదా? కాబట్టి మనం శాస్త్రవేత్తలను తప్పుపట్టనక్కర లేదు. వారు పలకల నడక చెబుతున్నారు. నడిపేవాడి నిర్ణయం వారి లెక్కలోకి రాదు.

ప్రళయ ఘడియ ఎప్పుడన్నది అల్లాహ్‌కు తప్ప మరెవరికీ తెలియదు. హజ్రత్ జిబ్రయీల్ (అలైహిస్సలామ్) మనిషి రూపంలో వచ్చి దాని గురించి అడిగినప్పుడు, ఈ విషయంలో అడిగిన వారికన్నా తనకు ఎక్కువ తెలియదని దైవప్రవక్త (స) జవాబిచ్చారు. సృష్టిలో అత్యుత్తముడైన మానవుడే తెలియదని చెప్పిన చోట మనం తేదీలు వేయటం ఎంత సాహసం! రేపే వస్తుందని భయపెట్టటం ఎంత తప్పో, ఇప్పట్లో రాదని నిద్రపోవటం కూడా అంతే తప్పు.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన మరో సంఘటన ఉంది. ఒక వ్యక్తి వచ్చి ప్రళయం ఎప్పుడని అడిగాడు. దైవప్రవక్త (స) తేదీ చెప్పలేదు. దానికోసం నువ్వేం సిద్ధం చేసుకున్నావని ఎదురడిగారు. అసలు ప్రశ్న ఇదే! పైగా మనిషి చనిపోయిన రోజే అతడి కర్మల గడువు ముగుస్తుంది. ఖండాలకు 25 కోట్ల సంవత్సరాలుంటే ఉండవచ్చు. మనకు ఉన్నది ఆ 3 మీటర్ల ప్రయాణమే. అందులో ఎంత అయిపోయిందో ఎవరికి వారు లెక్క వేసుకోండి.

ఆయత్‌లను మన వైపు లాగవద్దు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఖండాల కదలిక గురించి వినగానే కొందరు ఉత్సాహపరులు నమల్ సూరా 88వ ఆయత్ చూపిస్తారు. నిలకడగా కనిపించే పర్వతాలు మేఘాల్లా సాగిపోతుంటాయని అందులో ప్రస్తావన ఉంది. "చూశారా, వెగెనర్ కన్నా పదమూడు వందల ఏళ్ళ ముందే ఖుర్ఆన్ చెప్పింది" అంటారు. వారి ప్రేమను మనం గౌరవిస్తాం. కానీ దానికి ముందరి ఆయత్‌లో శంఖం ఊదబడే రోజు ప్రస్తావన ఉంది. అందుకే ఎక్కువమంది వ్యాఖ్యాతలు దీన్ని ప్రళయదినపు దృశ్యంగానే వివరించారు. ఏడాదికి 5 సెంటీమీటర్ల నడకకూ, ఆ రోజున పర్వతాలు మేఘాల్లా ఎగిరిపోవటానికీ పోలిక లేదు.

దివ్యఖుర్ఆన్‌కు భూగోళశాస్త్రం ఇచ్చే సర్టిఫికెట్ అవసరం లేదు. శాస్త్రం తన మాటను తానే సవరించుకుంటూ ఉంటుంది. 1950లో పండితులు ఒకటన్నారు, 1970లో మరొకటన్నారు. నేటి అంచనాను ఆయత్‌కు కట్టిపెడితే రేపు ఆ అంచనా మారినప్పుడు మన పిల్లల విశ్వాసం ఏమవుతుంది? భూమిని చూడమని, ఆలోచించమని ఖుర్ఆన్ పదే పదే ప్రోత్సహించింది. చూద్దాం, ఆలోచిద్దాం. ఖుర్ఆన్ చెప్పని మాటను దాని నోట పెట్టవద్దు.

ఖిబ్లా మారుతుందా?

మూడో ప్రశ్నకు జవాబు తేలిక. అరేబియా నేల కూడా కదులుతోంది. అది ఆఫ్రికా నుండి విడివడి దూరమవుతోంది కనుకనే ఎర్రసముద్రం ఏర్పడింది. అది ఇప్పటికీ ఏడాదికి ఒక సెంటీమీటరు, ఆపైన వెడల్పవుతోంది. అటు ఇరాన్ వైపు నెడుతున్నందున అక్కడ జాగ్రోస్ పర్వతాలు లేచాయి. అరేబియా, భారతదేశం రెండూ ఈశాన్యంగానే సాగుతున్నాయి. హైదరాబాదుకూ మక్కాకూ మధ్య సుమారు 4,000 కిలోమీటర్ల దూరం. హిజ్రత్ నాటి నుండి మన నేల జరిగిన 70 మీటర్లను మొత్తంగా లెక్కలోకి తీసుకున్నా దిశలో తేడా డిగ్రీలో వెయ్యో వంతు మాత్రమే. మన జానమాజ్ పరవటంలో జరిగే తేడా దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

షరీఅత్ మనల్ని కోరింది కూడా మన శక్తిమేరకు మస్జిదె హరామ్ దిశకు తిరగటమే. ఎక్కడున్నా సరే మీ ముఖాలను అటు తిప్పుకోండని బఖరా సూరాలో ఆజ్ఞ ఉంది. ఆ "ఎక్కడున్నా" అన్న మాటలోనే మనం ఉన్న చోటూ, మన నేల చేరబోయే చోటూ ఇమిడి ఉన్నాయి. నేల కదిలినా ఆజ్ఞ కదలదు. పిల్లలకు ఇలా చెబితే వారి మనసు నెమ్మదిస్తుంది.

నేల మరచిపోదు

ఇప్పుడు పెద్దల ప్రశ్న.

గోదావరి లోయలో కొత్తగూడెం, రామగుండం, మంచిర్యాల చుట్టుపక్కల సింగరేణి బొగ్గుగనులున్నాయి. ఆ గనుల్లో పనిచేసే సోదరులు మన పాఠకుల్లోనూ ఉంటారు. ఆ బొగ్గు గోండ్వానా కాలపు అడవి. ఖండాలు విడిపోకముందు, 25 కోట్ల సంవత్సరాలకు పైబడిన కాలంలో పెరిగిన చెట్లు బురదలో కూరుకుపోయి బొగ్గయ్యాయి. ఆ పొరల్లోని రాళ్ళ మీద నాటి ఆకుల అచ్చులు, ఈనెలతో సహా, ఇప్పటికీ కనిపిస్తాయి. గ్లోసాప్టెరిస్ అనే ఆ మొక్క ఆకులే దక్షిణ అమెరికాలో, ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో దొరికాయి. ఈ నేలలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవని అవి సాక్ష్యం చెప్పాయి.

సోదరులారా, ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అన్ని కోట్ల సంవత్సరాల క్రితం రాలిన ఒక ఆకును నేల దాచి ఉంచింది. ఖండాలు చీలినా, సముద్రాలు పుట్టినా, వేల మైళ్ళు ప్రయాణం చేసినా ఆ అచ్చు చెరగలేదు. రేపు ఖియామత్ నాడు భూమి తన సమాచారాలన్నీ వినిపిస్తుందని జిల్‌జాల్ సూరా తెలుపుతోంది. దాని వీపు మీద ప్రతి స్త్రీ, ప్రతి పురుషుడు ఏమేమి చేశారో భూమి సాక్ష్యం చెప్పటమే ఆ సమాచారమని దైవప్రవక్త (స) వివరించినట్లు తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. ఆకును మరచిపోని నేల మన అన్యాయాన్ని మరచిపోతుందా?

మరి ఆ నేల మీద మనం చేస్తున్నదేమిటి? గట్టు జరుపుకుంటున్నాం. సర్వే రాళ్ళు పీకుతున్నాం. మూడడుగుల సందు కోసం అన్నదమ్ములం కోర్టుకెక్కి, ఈద్ నాడు కూడా ఒకరి ముఖం ఒకరు చూడటం లేదు. ఎవరి నేల కోసం? ఏ నేల కోసం? ఆస్ట్రేలియాలో 1994 నాటి స్థానాలను ఆధారంగా చేసుకుని భూమి కొలతలు వేసేవారు. 2020 నాటికి ఆ ఖండం మొత్తం సుమారు 1.8 మీటర్లు ఈశాన్యంగా జరిగిపోయింది. దాంతో దేశమంతటి కొలతలనూ సవరించుకోవలసి వచ్చింది. మనం రక్తం కార్చుకునే గట్టుతో సహా నేల మొత్తం తన దారిన తాను పోతూనే ఉంది. దాన్ని పట్టా పుస్తకం ఆపలేదు.

కొన్నిసార్లు నెమ్మదిగా కాదు, ఒక్కసారిగా కూడా పోతుంది. 2005 సెప్టెంబరులో ఇథియోపియాలోని అఫార్ ప్రాంతంలో సుమారు 60 కిలోమీటర్ల పొడవున నేల చీలింది. కొన్నిచోట్ల ఆ ఎడం 8 మీటర్ల వరకు ఉంది. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర సముద్రపు అడుగు పలక ఒక్కసారిగా జారటంతో లేచిన సునామీ రెండు లక్షలకు పైగా ప్రాణాలను తీసుకుంది. మన కోస్తా జిల్లాల్లోనూ ఇళ్ళు కూలాయి, ప్రాణాలు పోయాయి. చనిపోయినవారి గురించి తీర్పు చెప్పే హక్కు మనకు లేదు. నీటమునిగి మరణించిన విశ్వాసిని దైవప్రవక్త (స) అమరగతుల్లో చేర్చారు. ఆ రోజు నుండి గుణపాఠం నేర్చుకోవలసింది బ్రతికి ఉన్న మనం.

జానెడు నేల బరువు

స్వర్గ శుభవార్త పొందిన పదిమంది సహాబీలలో హజ్రత్ సయీద్ బిన్ జైద్ (రజి) ఒకరు. అర్వా అనే స్త్రీ ఆయన తన భూమి ఆక్రమించుకున్నాడని మదీనా పాలకుడు మర్వాన్ దగ్గర ఫిర్యాదు చేసింది. దైవప్రవక్త (స) నోట ఆ హెచ్చరిక విన్న తర్వాత కూడా నేనామె నేల తీసుకుంటానా అని ఆయన అన్నారు. ఏమిటా హెచ్చరిక? అన్యాయంగా జానెడు నేల తీసుకున్నవాడి మెడకు ఖియామత్ నాడు ఏడు భూముల వరకు ఉన్న ఆ భాగాన్ని తగిలిస్తారన్నదే. ఆయన వాదులాడలేదు, ఆ స్థలాన్ని ఆమెకే వదిలేశారు. ఆమె అబద్ధమాడుతుంటే ఆమె చూపు పోవాలని, ఆ స్థలంలోనే ఆమె సమాధి కావాలని మాత్రం అల్లాహ్‌ను వేడుకున్నారు. కొంతకాలానికి ఆమెకు చూపు పోయింది. గోడలు తడుముకుంటూ నడుస్తూ ఆ స్థలంలోని బావిలోనే పడి చనిపోయింది. ముస్లిం హదీసు గ్రంథంలోని ఉల్లేఖనం ఇది.

చూడండి! తనది కాని నేలను ఆమె గెలుచుకుంది. ఆ నేల ఆమెకు సమాధిగా మాత్రమే పనికొచ్చింది.

అక్కాచెల్లెళ్ళ వాటా

గట్టు జరిపేవాడిని ఊరంతా దొంగ అంటుంది. కానీ మరో దొంగతనం ఉంది. దాన్ని ఎవరూ దొంగతనం అనరు. అది మన ఇళ్ళలో, నమాజు చేసేవారి ఇళ్ళలో, హజ్ చేసి వచ్చినవారి ఇళ్ళలో కూడా జరుగుతోంది. తండ్రి చనిపోయాక అక్కాచెల్లెళ్ళ వాటా ఇవ్వకపోవటమే అది.

ఉహుద్ యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఆయనకు ఇద్దరు కూతుళ్ళు. వారి పినతండ్రి ఆస్తంతా తీసేసుకున్నాడు. ఆ తల్లి పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చి మొరపెట్టుకుంది. అప్పుడు వారసత్వ ఆజ్ఞలు అవతరించాయి. దైవప్రవక్త (స) ఆ పినతండ్రిని పిలిపించి, కూతుళ్ళకు మూడింట రెండు వంతులు, భార్యకు ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలింది నువ్వు తీసుకో అని ఆదేశించారు. ఒక వితంతువు మొరకు ఆకాశం నుండి జవాబు వచ్చింది! నిసా సూరాలో ఈ వాటాలను తెలిపిన వెంటనే, ఇవి అల్లాహ్ నియమించిన హద్దులని, వాటిని మీరినవారికి నరకాగ్ని ఉందని హెచ్చరిక కూడా ఉంది. ఖండాల హద్దులు మారతాయి. ఈ హద్దులు మారవు.

మన సాకులు ఏమిటో మనకు తెలుసు. "చెల్లెలి పెళ్ళికి జహేజ్ ఇచ్చాం కదా" అంటాం. జహేజ్ ఆచారం, వారసత్వం ఫర్జ్. ఒకదానికి మరొకటి బదులు కాదు. "ఆపాయే వద్దంది, సంతకం పెట్టేసింది" అంటాం. ఎందుకు వద్దంది? అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందని, రంజాన్‌కు రమ్మనేవారుండరని భయపడి వద్దంది. భయంతో చేసిన సంతకాన్ని రిజిస్ట్రారు ఆఫీసు ఒప్పుకోవచ్చు. అల్లాహ్ దగ్గర దాని లెక్క వేరు. నిజంగా ఆమె మనసారా వదులుకునేదైతే, ముందు ఆమె వాటా ఆమె పేరున రాసి, చేతికివ్వండి. తర్వాత ఆమె ఇష్టం.

పద్ధతి కూడా కష్టమేమీ కాదు. మరణించినవారి అంత్యక్రియల ఖర్చు, తర్వాత అప్పులు తీర్చాలి. చెల్లించని మెహర్ కూడా అప్పే. వసీయత్ ఉంటే మూడో వంతు మించకుండా అమలుచేయాలి. మిగిలింది వారసులకు పంచాలి. ఉదాహరణకు భార్య, తల్లిదండ్రులు ముందే గతించిన ఒక తండ్రి ఇద్దరు కొడుకులను, ఇద్దరు కూతుళ్ళను, ఆరెకరాల పొలాన్ని వదిలి వెళ్ళాడనుకోండి. కొడుకులకు చెరి రెండెకరాలు, కూతుళ్ళకు చెరొక ఎకరం. ఇంట్లో తల్లి ఉంటే ముందు ఆమెకు ఎనిమిదో వంతు. మిగతా సందర్భాల్లో తెలిసిన ఆలిమ్‌ను అడగండి. తాత కాలం నాటి పంపకంలో మేనత్తకు అన్యాయం జరిగి ఉంటే, ఆమె లేకపోయినా ఆమె పిల్లలున్నారు. వారి గడప తొక్కటం అవమానం కాదు. మెడలో ఏడు భూముల బరువుతో నిలబడటం అవమానం.

అసలు వారసుడు

పిల్లవాడు చూపించిన ఆ పటాన్ని మరొకసారి చూద్దాం. అందులో హైదరాబాదు లేదు, విజయవాడ లేదు, మన సర్వే నంబరు లేదు. శాస్త్రవేత్తల అంచనా నిజమైతే ఆ నేల మీద మనిషి నిలవటమే కష్టం. అంచనా నిజం కాకముందే ప్రభువు ఆజ్ఞ వస్తే ఈ భూమి మరో భూమిగా మార్చబడుతుంది. ఎలా చూసినా ఈ నేల మనకు మిగలదు. భూమికీ, దాని మీద ఉన్నవారందరికీ చివరకు తానే వారసుణ్ణని మర్యమ్ సూరాలో అల్లాహ్ ప్రకటించాడు. ఆయన నామాల్లో అల్ వారిస్ ఒకటి. అసలు వారసుడు ఆయనే అయినప్పుడు, మధ్యలో వచ్చిపోయే మనం ఆయన నిర్ణయించిన వాటాలను ఎగ్గొట్టి ఏం కట్టుకుపోతాం?

అలాగని ప్రపంచం నశించేదే కదా అని చేతులు ముడుచుకుని కూర్చోమని ఇస్లామ్ చెప్పలేదు. చేతిలో మొక్క ఉండగా ప్రళయం వచ్చినా, వీలైతే ఆ మొక్కను నాటమని దైవప్రవక్త (స) బోధించారు. మొక్క చెట్టవుతుందా లేదా అన్నది మన చేతిలో లేదు. నాటటం మన చేతిలో ఉంది. చెల్లెలి వాటా చెల్లించటం కూడా మన చేతిలోనే ఉంది.

ఈ శుక్రవారం గోళ్ళు తీసుకునేటప్పుడు ఒక్క మాట జ్ఞాపకం చేసుకోండి: ఈ వారం నేల మరికొంచెం జరిగింది, నా గడువు మరికొంచెం తగ్గింది. జుమా నమాజు నుండి తిరిగొచ్చాక అక్కకో చెల్లెలికో ఫోన్ చేసి, "ఆపా, అబ్బా పొలం లెక్క చూసుకుందాం, ఒకసారి ఇంటికి రా" అని పిలవండి. ఆమెను పుట్టింటి గడపలోకి గౌరవంగా ఆహ్వానించండి.

ఓ అల్లాహ్! భూమ్యాకాశాల ప్రభూ! మా పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, దానితోపాటు వినయాన్ని ప్రసాదించు. ఇతరుల నేల జానెడైనా మా చేతుల్లో ఉంటే, మా ఊపిరి ఆగకముందే దాన్ని తిరిగిచ్చే ధైర్యాన్ని మాకివ్వు. తెగిపోయిన అన్నదమ్ములను, అక్కాచెల్లెళ్ళను మళ్ళీ కలుపు. భూమి మా గురించి సాక్ష్యం చెప్పే రోజున ఆ సాక్ష్యాన్ని మాకు అనుకూలంగా చేయి. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.